ఆఫీసు కాగితాలు దాచడానికి ఏది కొనాలి: బాక్స్ ఫైలా, అట్టపెట్టా, ప్లాస్టిక్ క్రేటా, కాంపాక్టరా?

తీర్పు ముందే చెప్పేస్తాం. ఎనిమిదేళ్లు దాచి ఆ తర్వాత తీసేయాల్సిన కాగితాలకు ఐదు పొరల మామూలు గోధుమరంగు అట్టపెట్టెను మించింది మార్కెట్లో లేదు. ఏటా కొత్త బాక్స్ ఫైళ్లు కొనడం డబ్బు దండగ, పైగా ఆఖర్న ఎవరూ తీసుకోని చెత్త. ప్లాస్టిక్ క్రేటుకు కొన్ని చోట్ల పని ఉంది, అన్ని చోట్లా లేదు. కాంపాక్టర్, అంటే పట్టాల మీద జరిగే బీరువాల వరస, చాలా ఆఫీసులకు అక్కర్లేదు, కొన్ని భవనాలకు ప్రమాదం కూడా. ఈ సమీక్ష పదిమంది నుంచి యాభైమంది దాకా పనిచేసే వ్యాపార సంస్థల కోసం: డీలర్లు, చిన్న ఫ్యాక్టరీలు, ఆడిటర్ల ఆఫీసులు, ట్రాన్స్‌పోర్టు కంపెనీలు. హైదరాబాద్ ఎండకూ విశాఖ తేమకూ ఒకే సలహా పనికిరాదు, కాబట్టి తేడా ఉన్నచోట విడిగా చెబుతాం.

ఆకుపచ్చ ఆకు బొమ్మ అచ్చేసి ‘ఎకో ఫ్రెండ్లీ’ అని అమ్మే ఫైళ్లు ఇప్పుడు ప్రతి స్టేషనరీ షాపులోనూ ఉన్నాయి. ఆ బొమ్మను పట్టించుకోకండి. చూడాల్సినవి రెండే. వస్తువు ఒకే పదార్థంతో చేసిందా, లేక నాలుగైదు కలిపి అతికించిందా? లోపల పెట్టే కాగితం ఆయుష్షుకూ దీని ఆయుష్షుకూ పొత్తు కుదురుతుందా? రెండేళ్లలో చిరిగే ఫైలును ఎనిమిదేళ్ల కాగితానికి కొంటే నాలుగుసార్లు కొనాలి. శాశ్వతంగా నిలిచే ప్లాస్టిక్‌ను ఎనిమిదేళ్ల కాగితానికి కొంటే తొమ్మిదో ఏట దాన్నేం చేయాలో తెలియదు.

బాక్స్ ఫైలు: ఈ ఏడాదికి మాత్రమే

మన దగ్గర బాక్స్ ఫైలు అని పిలిచే లివర్ ఆర్చ్ ఫైలు వాడుకకు చాలా మంచి వస్తువు. రోజుకు పదిసార్లు తెరిచి ఒక ఇన్‌వాయిస్ తీసి మళ్లీ పెట్టాలంటే దీనికి సాటి లేదు. గొడవంతా దీన్ని దాచుకునే వస్తువుగా వాడటంతోనే మొదలవుతుంది.

75 మిల్లీమీటర్ల వీపున్న ఫైలులో 500 కాగితాలు పడతాయని అట్ట మీద రాస్తారు. పడతాయి కూడా, కానీ అంత నింపితే ఆర్చ్ సరిగా మూసుకోదు. రెండు కొక్కేల కొనలూ ఒకదానికొకటి అందక, తిప్పిన ప్రతిసారీ కాగితం రంధ్రం కాస్త కాస్త చిరుగుతుంది. 350 నుంచి 400 దగ్గర ఆపితే ఇబ్బంది రాదు. కొనేటప్పుడు లివర్ పదిసార్లు ఎత్తి దించి చూడండి. మూసినప్పుడు కొనల మధ్య వెలుతురు కనిపిస్తే ఆ ఫైలు వద్దు. లివర్ పలకను అట్టకు బిగించిన రివెట్లు కదులుతున్నా వద్దు.

అట్ట పైన పొర కూడా చూడాలి. లోపల బూడిదరంగు అట్ట, పైన ప్లాస్టిక్ పొర, మధ్యలో జిగురు, దాని మీద ఉక్కు లివర్, వేలు పెట్టి లాగే లోహపు రింగు. పాత పేపర్ల వ్యాపారి దీన్ని కాగితం కింద తూచడు, ఇనుము కిందా తూచడు. అసలు పర్యావరణ సమస్య ఇదే. ప్లాస్టిక్ పొరకు బదులు కాగితపు పొర వేసిన ఫైళ్లు దొరుకుతాయి. లివర్ ఊడదీస్తే అట్ట అట్టలోకి, ఇనుము ఇనుములోకి పోతుంది. వానాకాలంలో వీటి అంచులు కాస్త ఉబ్బుతాయి గానీ ఏసీ లేని ఆఫీసులో కూడా నాలుగైదేళ్లు వస్తాయి.

లెక్క వేసి చూడండి. నెలకొక ఫైలు చొప్పున ఏడాదికి 12. ఎనిమిదేళ్లు దాచాలంటే 96 ఫైళ్లు. అదే ఏడాది చివర్లో కాగితాలన్నీ తీసి నూలు ట్యాగుతో కట్టి అట్టపెట్టెలోకి మార్చేస్తే, ఆ 12 ఫైళ్లే మళ్లీ ఏప్రిల్ ఒకటిన కొత్త లేబుల్‌తో పనికొస్తాయి. ఆడిట్ పూర్తయ్యేదాకా పాత ఏడాదివి అందుబాటులో ఉండాలి కాబట్టి రెండు సెట్లు, అంటే 24 ఫైళ్లు చాలు. చోటు కూడా కలిసొస్తుంది. పన్నెండు ఫైళ్లు షెల్ఫ్ మీద 900 మిల్లీమీటర్లు ఆక్రమిస్తాయి, సగం ఖాళీగా ఉన్నా అంతే. వాటిలోని నాలుగైదు వేల కాగితాలు రెండు పెట్టెల్లో సర్దుకుంటాయి.

మార్చేటప్పుడు రంధ్రాల మధ్య దూరం 80 మిల్లీమీటర్లు ఉంటుంది, ట్యాగు రెండు రంధ్రాల గుండా పోవాలి. కింద ఒక అట్టముక్క, పైన ఒక అట్టముక్క తప్పనిసరి. అవి లేకుండా కడితే మొదటి పది కాగితాలు, ఆఖరి పది కాగితాలు చిరుగుతాయి. వోచర్ల కట్టలైతే మన గుమాస్తాల పాత పద్ధతే మేలు: దబ్బనంతో మూడు చోట్ల కన్నాలు పెట్టి, గట్టి నూలుదారంతో కుట్టి, ముడి వీపు వైపు వేయడం. దీనికయ్యే ఖర్చు దాదాపు లేనట్టే, పైగా ఒక్క వోచరు కూడా జారిపోదు. రబ్బరు బ్యాండు మాత్రం వద్దే వద్దు. మన ఎండలకు అది రెండేళ్లలో కరిగి కాగితానికి అతుక్కుంటుంది, తీయబోతే అక్షరాలతో సహా లేస్తుంది.

స్ప్రింగ్ ఫైలు గురించి ఒక్క మాట చాలు: సముద్రానికి దగ్గర్లో ఉన్న ఏ ఊళ్లోనూ కొనకండి. స్ప్రింగు తుప్పు కాగితం మీద గోధుమరంగు గీతగా దిగుతుంది.

అట్టపెట్టె: కొనేటప్పుడు అడగాల్సినవి

ఈ సమీక్షలో మొదటి స్థానం దీనిదే. అయితే ఆన్‌లైన్‌లో ‘ఆఫీస్ స్టోరేజ్ బాక్స్’ అని రంగురంగుల లామినేషన్‌తో అమ్మేవి కాదు. జీడిమెట్ల, చర్లపల్లి లాంటి పారిశ్రామికవాడల్లో, విజయవాడ ఆటోనగర్‌లో ప్యాకింగ్ పెట్టెలు చేసే యూనిట్లు ఉంటాయి. వంద పెట్టెలు చెబితే మీ కొలతకు చేసిస్తారు. ఒక మంచి బాక్స్ ఫైలు ధరకు సాధారణంగా రెండు పెట్టెలు వస్తాయి.

కొలత దగ్గరే ఎక్కువమంది పొరపాటు పడతారు. రికార్డులకు మామూలుగా చెప్పే కొలత 15 × 12 × 10 అంగుళాలు. ‘లోపలి కొలత’ అని గట్టిగా చెప్పకపోతే తయారీదారు బయటి కొలత తీసుకుంటాడు. 12 అంగుళాలంటే 305 మిల్లీమీటర్లు. ఐదు పొరల అట్ట మందం దాదాపు 6 మిల్లీమీటర్లు, రెండు వైపులా కలిపి 12. మిగిలేది 293. ఏ4 కాగితం పొడవు 297. వంద పెట్టెలు దిగాక కాగితం పట్టడం లేదని తెలుసుకోవడం కన్నా ముందే ఒక నమూనా పెట్టె తెప్పించుకుని ఏ4 కట్ట పెట్టి చూడటం నయం. లోపలి కొలత సరిగ్గా ఉంటే ఏ4 కట్టలు 12 అంగుళాల వైపు, ఫుల్‌స్కేప్ ఫైళ్లు 15 అంగుళాల వైపు నిలబడతాయి. పెట్టెకు రెండున్నర నుంచి మూడు వేల కాగితాలు పడతాయి.

బరువు కూడా లెక్కకట్టుకోవాలి. 75 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు 75 గ్రాములు) ఏ4 కాగితం ఒక్కోటి 4.7 గ్రాములు. మూడు వేల కాగితాలంటే 14 కిలోలు. ఒక మనిషి నడుము నొప్పి లేకుండా దించగలిగే బరువు ఇది. ‘ఇంకా పెద్ద పెట్టె అయితే తక్కువ పెట్టెలు సరిపోతాయి కదా’ అని 18 అంగుళాల పెట్టె చేయించే ఆఫీసులున్నాయి. దాన్ని పై అర నుంచి దించడానికి ఇద్దరు కావాలి, అడుగు ఊడితే కాగితాలు మెట్ల మీద పరుచుకుంటాయి.

మూడు పొరలా, ఐదు పొరలా అంటే ఐదే. మూడు పొరల పెట్టె ఒంటరిగా అర మీద ఉంటే సరే, దాని మీద ఇంకోటి పెడితే ఏడాదిలో కుంగుతుంది. ఏడు పొరలది యంత్రాలకు, కాగితాలకు వృథా. పొరల సంఖ్యతో పాటు ఒక్కో పొర కాగితం బలం కూడా అడగండి. వ్యాపారంలో దాన్ని బీఎఫ్ అంటారు, చించడానికి ఎంత ఒత్తిడి కావాలో చెప్పే అంకె. 16 బీఎఫ్ కన్నా 20, 22 గట్టివి. ఒకటి రెండు రూపాయల తేడాకు వెనకాడొద్దు. పెట్టె గోడలో ముడతలు నిలువుగా ఉన్నాయో లేదో అంచున చూడండి. అడ్డంగా ఉంటే ఎన్ని పొరలున్నా పై బరువుకు ఆగదు. అరుదే గానీ, అట్ట పొదుపు కోసం తిప్పి కోసేవాళ్లుంటారు.

పెట్టె నిలువు అతుకును కొందరు ఇనుప పిన్నులతో కుడతారు, కొందరు జిగురుతో అంటిస్తారు. జిగురుదే తీసుకోండి. పిన్నులు కోస్తా తేమకు తుప్పుపడతాయి, రీసైక్లింగ్‌లో వేరుచేయాల్సిన ఇనుము కూడా. మూతకు గోధుమరంగు ప్లాస్టిక్ టేపు వేయొద్దు. ఎండకు జిగురు ఎండి ఊడుతుంది, ఊడకపోతే ఆఖర్న అట్టతో పాటు చెత్తలోకి వెళ్తుంది. నాలుగు రెక్కలూ ఒకదాని కింద ఒకటి దూర్చి మూస్తే చాలు. అడుగున మాత్రం నీటితో తడిపి అంటించే కాగితపు టేపు రెండు వరసలు వేయండి.

చేతులు దూర్చే రంధ్రాలు కావాలా? మోయడానికి బాగుంటాయి. బొద్దింకలకూ బాగుంటాయి. వద్దనే మా సలహా.

అట్టపెట్టె బలహీనత తేమ, దాచిపెట్టి లాభం లేదు. గాలిలో తేమ 85, 90 శాతానికి చేరితే పెట్టె మోసే బలంలో చాలా భాగం పోతుంది. హైదరాబాద్‌లో ఆగస్టు, సెప్టెంబరుల్లో తప్ప ఈ బెంగ పెద్దగా లేదు. విశాఖ, కాకినాడ, మచిలీపట్నాల్లో దాదాపు ఏడాదంతా ఉంటుంది. అక్కడ ఒకదాని మీద ఒకటి రెండుకు మించొద్దు. పొడి ఊళ్లలో మూడు, నాలుగు దాకా ఫర్వాలేదు. తేమ 65 శాతం దాటి అలాగే ఉంటే బూజు మొదలవుతుంది. గదిలో తేమను కొలిచే చిన్న హైగ్రోమీటర్ ఒకటి పెట్టండి, కొన్ని వందల రూపాయలకే వస్తుంది. కిటికీ లేని గది అయితే ఎగ్జాస్ట్ ఫ్యాన్ పొడి పూట నడపాలి. వాన పడుతున్నప్పుడు నడిపితే బయటి తేమను లోపలికి తెచ్చుకున్నట్టే. సిలికా జెల్ పొట్లాలు మూత బిగించిన డబ్బాలో పనిచేస్తాయి, గదిలో చల్లితే పనిచేయవు.

పెట్టె మీద రాత: బాక్స్ ఫైలుకు లేబుల్ ఉంటుంది, పెట్టెకు అది కూడా మీరే రాయాలి. మూత మీద కాదు, ఎదురుగా కనిపించే ముఖం మీద, పర్మనెంట్ మార్కర్‌తో. పెట్టె నంబరు, ఆర్థిక సంవత్సరం, లోపలేముంది, ఆఖరున తీసేసే తేదీ. ఈ నాలుగోది రాయని పెట్టె ఎప్పటికీ ఆఫీసు వదిలిపోదు. మన కలెక్టరేట్లలో ముగిసిన ఫైలు మీద ఆర్.డిస్., డి.డిస్., ఎల్.డిస్. అని వేసే పద్ధతి మద్రాసు కాలం నుంచి ఉంది. మొదటిది శాశ్వతం, రెండోది పదేళ్లు, మూడోది ఏడాది. ఫైలు మూసే రోజే దాని చావు తేదీ నిర్ణయమైపోతుంది. లక్షలు పోసి కొన్న సాఫ్ట్‌వేర్లలో కూడా ఈ తెలివి కొన్నింటికే ఉంది.

తేదీ ఎలా లెక్కించాలో ఒక ఉదాహరణ. 2022-23 ఆర్థిక సంవత్సరం పెట్టె అనుకుందాం. కంపెనీల చట్టం 2013, సెక్షన్ 128 ప్రకారం కంపెనీ లెక్కల పుస్తకాలు, వోచర్లు ఎనిమిది ఆర్థిక సంవత్సరాలు ఉంచాలి. అంటే 2031 మార్చి 31 దాకా. జీఎస్టీ చట్టం సెక్షన్ 36 ప్రకారం వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలలు. ఆ ఏడాది గడువు 2023 డిసెంబరు 31, కాబట్టి 2029 డిసెంబరు 31 దాకా. రెండింటిలో ఏది తర్వాతిదైతే అది పెట్టె మీద రాయాలి. కంపెనీకి 2031, భాగస్వామ్య సంస్థకు లేదా సొంత వ్యాపారికి జీఎస్టీ వరకు 2029. ఆదాయపు పన్ను గడువు కూడా మీ ఆడిటర్‌ను అడిగి పక్కన పెట్టి చూసుకోండి. అప్పీలో విచారణో నడుస్తుంటే జీఎస్టీలో ఆ కేసు తేలిన ఏడాది తర్వాత దాకా ఆగాలి. అలాంటి పెట్టె మీద ఎర్ర మార్కర్‌తో ‘కేసు’ అని రాసేయండి, తేదీ చూసి ఎవరూ తీయకుండా.

పెట్టె నింపే ముందు తగ్గించాల్సినవి కూడా ఉన్నాయి. పోర్టల్‌లో ఎప్పుడైనా దొరికే జీఎస్టీ రిటర్న్ ప్రింట్లు, బ్యాంకు పంపిన స్టేట్‌మెంట్ ప్రింట్లు, ఈమెయిల్ ప్రింట్లు కాగితంగా దాచనక్కర్లేదు. ఐటీ చట్టం 2000, సెక్షన్ 7 ఎలక్ట్రానిక్ రూపంలో భద్రపరచడాన్ని ఒప్పుకుంటుంది, అయితే తర్వాత కూడా తెరవగలిగేలా, మొదట తయారైన రూపం మారకుండా ఉండాలి. 2023 ఆగస్టు 1 నుంచి ఐదు కోట్ల టర్నోవరు దాటిన వ్యాపారాలకు ఈ-ఇన్‌వాయిస్ తప్పనిసరైంది. అది పుట్టడమే కంప్యూటర్‌లో, దాన్ని అచ్చేసి పెట్టెలో పెట్టడం అలవాటే తప్ప అవసరం కాదు. చాలా ఆఫీసుల్లో మూడో వంతు కాగితం ఇక్కడే తగ్గించొచ్చని మా అంచనా.

థర్మల్ బిల్లులు, అంటే పెట్రోలు బంకు, హోటలు, టోల్ రసీదులు, ఏడాది రెండేళ్లలో తెల్లబోతాయి. ప్లాస్టిక్ కవరులో పెడితే ఇంకా తొందరగా. వచ్చిన వారంలోనే జిరాక్సు తీసి లేదా స్కాన్ చేసి అసలుకు జతచేయాలి.

ప్లాస్టిక్: ఎక్కడ ఒప్పుకోవచ్చు

పారదర్శక కవర్లు, ఎల్ ఫోల్డర్లు, బటన్ ఫోల్డర్లు రెండు రకాల ప్లాస్టిక్‌తో వస్తాయి. పీవీసీది మెత్తగా, జిగటగా, గట్టి వాసనతో ఉంటుంది. అందులోని మెత్తదనపు రసాయనం లేజర్ ప్రింటు నల్లసిరాను పీల్చుకుంటుంది. మూడేళ్ల తర్వాత కాగితం తీస్తే అక్షరాలు కవరుకు అంటుకుని ఉంటాయి. పీపీది, అంటే పాలీప్రొపిలీన్‌ది, కాస్త గరగరలాడుతుంది, వాసన ఉండదు, అక్షరాలను అంటుకోదు. కొనాలనుకుంటే పీపీ మాత్రమే, అది కూడా రోజూ చేతులు మారే ఒకటి రెండు పత్రాలకు. పెట్టెలోకి వెళ్లేటప్పుడు కాగితాలన్నీ కవర్ల నుంచి బయటికి రావాలి. కవరులో చిక్కిన తేమ బయటికి పోదు, బూజు పట్టేది అక్కడే.

మూత ఉన్న పీపీ క్రేటు వేరే సంగతి. గ్రౌండ్ ఫ్లోర్ ఆఫీసు, సెల్లార్, వాగు పక్కన వీధి అయితే అట్టపెట్టె కన్నా అదే మేలు. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడ సింగ్‌నగర్‌ను ముంచినప్పుడు, 2020 అక్టోబరులో హైదరాబాద్ కాలనీలు మునిగినప్పుడు, నేల మీద ఉన్న ఏ అట్టపెట్టె అయినా ముద్దయ్యే ఉంటుంది. క్రేటు కూడా పూర్తిగా నీళ్లలో ఉంటే కాపాడదు, చినుకులకూ అడుగు ఎత్తు నీళ్లకూ మాత్రం నిలుస్తుంది. రెండు షరతులు: లోపల పెట్టే కాగితం ముందు రెండు మూడు రోజులు ఫ్యాను కింద పొడిగా ఉండాలి, క్రేటు అడుగున ఒక పొర గోధుమ కాగితం పరచాలి. తడి కాగితాన్ని మూత బిగిస్తే మీరే బూజును పెంచినట్టు. క్రేటు ఎనిమిదేళ్లకు పాడవదు కాబట్టి ఖాళీ అయ్యాక కొత్త ఏడాదికి వాడుకోవాలి. ఆ లెక్కతో కొంటేనే అది పర్యావరణానికి మేలు.

ర్యాకు, కాంపాక్టర్

స్టీలు విషయంలో పర్యావరణానికి అన్నిటికన్నా మేలైన వస్తువు పాత వస్తువే. మూతపడిన ఆఫీసుల నుంచి వచ్చే సెకండ్‌హ్యాండ్ స్లాటెడ్ యాంగిల్ (వరసగా రంధ్రాలున్న ఎల్ ఆకారపు ఇనుప పట్టీల) ర్యాకులు బోల్టులు విప్పి మళ్లీ బిగించుకోవచ్చు, కొత్త కొలతకు కోయించుకోవచ్చు. తుప్పు గీకి ఒక చెయ్యి రెడాక్సైడ్, ఒక చెయ్యి ఎనామిల్ వేస్తే ఇంకో ఇరవై ఏళ్లు వాడుకోవచ్చు.

షెల్ఫ్ వెడల్పు మీ పెట్టెను బట్టి నిర్ణయించండి. 36 అంగుళాల ర్యాకులో పైన చెప్పిన పెట్టెలు రెండే పడతాయి, ఎందుకంటే ముందు స్తంభాలు చెరో అంగుళమున్నర తినేస్తాయి. 42 అంగుళాలు చేయిస్తే మూడు పడతాయి. లోతు 18. అరకూ అరకూ మధ్య 24 అంగుళాలు, రెండేసి పెట్టెలు పేర్చడానికి. ఏడడుగుల ర్యాకులో మొదటి అర నేలకు ఆరంగుళాల పైన మొదలుపెడితే మూడు అరల్లో 18 పెట్టెలు. ఒక్కో అర మీద 84 కిలోలు పడుతుంది కాబట్టి పలక 18 గేజ్‌ది అడగండి, అడుగున మధ్యలో అడ్డపట్టీ వేయించండి. గేజ్ అంకె తగ్గితే మందం పెరుగుతుంది, 22 గేజ్ చవగ్గా ఉందని మురిసిపోకండి. ర్యాకును గోడకు కనీసం రెండు మూడు అంగుళాలు దూరంగా నిలిపి, పైన మాత్రం ఒక క్లాంపుతో గోడకు బిగించాలి.

గోడకు ఆనించొద్దనడానికి కారణం చెమ్మ ఒక్కటే కాదు, చెదలు. మట్టి గొట్టం కట్టుకుంటూ గోడ మీదుగా వచ్చే చెదకు ఆనిన పెట్టె వంతెన అవుతుంది. సందు ఉంటే టార్చి వేసి గొట్టం కనిపెట్టొచ్చు. కలరా ఉండలు చెదను ఆపవు, గదిలో కూర్చునే మనిషికి తలనొప్పి మాత్రం తెస్తాయి. పచ్చి వేపాకు కూడా వద్దు, దాని తేమ, మరక రెండూ కాగితానికే. చెద ఒకసారి కనిపిస్తే గోడ మూలల్లో రంధ్రాలు వేసి మందు ఎక్కించే పని చేయించాల్సిందే. కట్టిన భవనాలకు ఎలా చేయాలో భారతీయ ప్రమాణం ఐఎస్ 6313 మూడో భాగంలో ఉంది. పని చేసేవాళ్లను ఆ ప్రమాణం ప్రకారమే చేస్తారా అని అడగండి.

ఇక కాంపాక్టర్. పట్టాల మీద జరిగే బీరువాలు, చక్రం తిప్పితే దగ్గరికొస్తాయి. చోటు దాదాపు సగం మిగులుతుందన్నది నిజమే. బ్యాంకులకు, పెద్ద ఆసుపత్రులకు తగిన వస్తువు. అయితే నేల మోయాలి. భవనాల మీద పడే భారాల ప్రమాణం ఐఎస్ 875 రెండో భాగం మామూలు ఆఫీసు గదులకు చదరపు మీటరుకు 250 నుంచి 400 కిలోల లెక్కన, రికార్డు గదులకు 500 కిలోల లెక్కన డిజైన్ చేయమంటుంది. పైన చెప్పిన ర్యాకునే చూడండి: 18 పెట్టెలు, 252 కిలోలు, అర చదరపు మీటరు కన్నా తక్కువ చోటు. ర్యాకు కిందే లెక్కేస్తే 500 దాటుతుంది. మామూలు ర్యాకుల మధ్య నడవడానికి దారి ఉంటుంది కాబట్టి గది మొత్తానికి సగటు సగానికి దిగుతుంది. కాంపాక్టర్ చేసే పనే ఆ దారిని మింగేయడం. రికార్డు గదిగా డిజైన్ చేయని పై అంతస్తులో, అదీ అపార్టుమెంటును ఆఫీసుగా మార్చిన చోట, స్ట్రక్చరల్ ఇంజినీరు రాతపూర్వకంగా ఒప్పుకోకుండా పెట్టొద్దు. అమ్మే కంపెనీ ప్రతినిధి ‘ఏం కాదు సార్’ అనడం ఇంజినీరు సంతకం కాదు.

బయటి గోడౌన్ సేవలు

ఐరన్ మౌంటెన్, రైటర్ ఇన్ఫర్మేషన్ లాంటి సంస్థలు పెట్టెలు తీసుకెళ్లి బార్‌కోడ్ వేసి తమ గోడౌన్లలో ఉంచుతాయి. రెండు మూడు వందల పెట్టెలు దాటిన ఆఫీసుకు, అద్దె ఎక్కువున్న మాదాపూర్ లాంటి చోట, ఇది లాభమే. వంద లోపు పెట్టెలకు సాధారణంగా కాదు.

కొటేషన్‌లో పెద్ద అక్షరాలతో ఉండేది నెలకు పెట్టెకు అద్దె. అసలు ఖర్చు మిగతా వరసల్లో ఉంటుంది: కనీస నెలవారీ బిల్లు, పెట్టె తెప్పించుకుంటే రానుపోను చార్జీ, అత్యవసరమైతే దానికి వేరే రేటు, అన్నిటికన్నా ముఖ్యంగా పెట్టెను శాశ్వతంగా వెనక్కి తీసుకుంటే కట్టాల్సిన రుసుము. ఈ చివరిది కొన్నిసార్లు ఏడాది అద్దె కన్నా ఎక్కువుంటుంది. సేవ మానుకోవాలన్నా మానుకోలేని పరిస్థితి అక్కడ వస్తుంది. సంతకానికి ముందే దాన్ని తగ్గించమని, లేదా గడువు తీరి నాశనం చేసే పెట్టెలకు మాఫీ చేయమని అడగండి. నష్టపరిహారం పెట్టెకు ఎంత అని కూడా చూడండి. సాధారణంగా అది పెట్టె ధరకే పరిమితం, లోపలి కాగితం విలువకు కాదు.

చట్టపరంగా ఒక చిక్కు. కంపెనీ లెక్కల పుస్తకాలు రిజిస్టర్డ్ ఆఫీసులో ఉండాలి. వేరే చోట ఉంచాలంటే బోర్డు తీర్మానం చేసి ఏడు రోజుల్లో ఏఓసీ-5 ఫారం దాఖలు చేయాలి. జీఎస్టీ లెక్కలు రిజిస్ట్రేషన్‌లో చూపిన వ్యాపార స్థలంలో ఉండాలి. అందుకే నడుస్తున్న ఏడాదివి, ఆడిట్ కానివి బయటికి పంపొద్దు.

శాశ్వతమైనవి

మినిట్స్ పుస్తకాలు, వాటాదారుల రిజిస్టరు, స్థలం దస్తావేజులు, అసలు ఒప్పందాలు వేరే లోకం. ఇవి మొత్తం కాగితాల్లో చాలా కొద్ది భాగం, కాబట్టి వీటికి ఖర్చు పెట్టొచ్చు. గోధుమరంగు అట్టలో ఆమ్లం ఉంటుంది, దశాబ్దాలు ఆనుకుని ఉంటే కాగితం పసుపెక్కుతుంది. ఆమ్లరహిత కవరు గానీ, ఉతికిన తెల్ల నూలుగుడ్డ గానీ మధ్యలో ఉండాలి. స్టేప్లర్ పిన్నులు తీసేయాలి. లామినేషన్ చేయించొద్దు, మళ్లీ తీయలేరు. ఆమ్లరహితం అని చెప్పి ఇన్‌వాయిస్ పెట్టెలకు కూడా మూడింతల ధర అడిగే విక్రేతలుంటారు, ఎనిమిదేళ్ల కాగితానికి అది అక్కర్లేదు.

మామూలు స్టీలు బీరువా మంటకు ఆగదు. ఇనుము వేడెక్కితే లోపల కాగితం మాడిపోతుంది. అగ్నినిరోధక క్యాబినెట్ కొంటే ‘క్లాస్ 350’ పరీక్ష పాసైందా, ఎన్ని నిమిషాలకు అని అడగండి. 350 అంటే ఫారెన్‌హీట్‌లో లోపలి వేడి అంతకు మించదని, సెంటీగ్రేడులో 177. వీటి గోడల్లోని మసాలాలో తేమ ఉంటుంది, మూసి ఉంచితే లోపలికి దిగుతుంది. రెండు వారాలకోసారి కాసేపు తెరిచిపెట్టాలి. సిలికా జెల్ ఇక్కడ పనికొస్తుంది, నెలకోసారి మార్చాలి.

తీసేసే రోజు

ఏటా ఏప్రిల్‌లో గడువు దాటిన పెట్టెలు బయటికి తీసి, జాబితా మీద యజమానో డైరెక్టరో సంతకం పెట్టాకే నాశనం చేయాలి. కట్టలుగానే పాత పేపర్ల వ్యాపారికి తూచి ఇచ్చేయొద్దు. ఉద్యోగుల ఆధార్ జిరాక్సులు, ఖాతాదారుల చెక్కుల కాపీలు మిర్చిబజ్జీల పొట్లాలై అదే వీధికి తిరిగొస్తాయి.

ష్రెడ్డర్ కొనేటప్పుడు పీ-4 స్థాయి అడగండి: ముక్క 160 చదరపు మిల్లీమీటర్లకు మించదు. పొడవు పీలికలు చేసే చవక యంత్రాల నుంచి వచ్చిన పీలికలను ఓపికున్నవాడు అతికించగలడు. మరీ పొడిగా చేసేవి కూడా వద్దు, పీచు పొట్టిదైపోయి మిల్లులో తక్కువ రకం కాగితానికే పనికొస్తుంది. అందుకే వ్యక్తిగత వివరాలు, సంతకాలు, బ్యాంకు నంబర్లు ఉన్నవి మాత్రం ష్రెడ్ చేసి, ఖాళీ ఫారాలు, క్యాటలాగులు, పాత డ్రాఫ్టులు ముక్కలు చేయకుండానే ఇవ్వండి. ఐటీసీ ‘వావ్’ పథకం కింద హైదరాబాద్ లాంటి నగరాల్లో ఆఫీసుల నుంచి పాత కాగితం సేకరిస్తుంది. ఆ సంస్థకే భద్రాచలం దగ్గర సారపాకలో పెద్ద కాగితం మిల్లు ఉంది.

ఇచ్చే ముందు సంచిలోంచి తీసేయాల్సినవి: ప్లాస్టిక్ కవర్లు, స్పైరల్ బైండింగ్ తీగలు, లామినేట్ చేసినవి, కార్బన్ కాపీలు, థర్మల్ బిల్లులు. థర్మల్ కాగితం పూతలోని రసాయనం కొత్త కాగితంలోకి చేరుతుంది కాబట్టి అది మామూలు చెత్తలోకే పోవాలి. స్టేప్లర్ పిన్నులు చిన్నవైతే ఒక్కొక్కటీ పీకుతూ కూర్చోనక్కర్లేదు, మిల్లులో జల్లెడ వాటిని పట్టుకుంటుంది. ఖాళీ అయిన పెట్టె గట్టిగా ఉంటే మీద కొత్త కాగితం అతికించి మళ్లీ వాడండి. మూలలు మెత్తబడితే మడిచి అదే సంచితో పంపేయండి.